మెమరీ లేకుండానే 65సీ02ను నడిపి చూడడం

1975లో వచ్చిన 6502 ప్రాసెసర్ రూపకర్తల్లో ఒకరైన బిల్ మెన్ష్, తరువాత తన వెస్టర్న్ డిజైన్ సెంటర్‌లో సీమాస్ అనే చిప్పుల తయారీ పద్ధతిలో రూపొందించిన తక్కువ విద్యుత్తు ప్రాసెసర్ 65సీ02. ఇప్పుడు దొరికే డబ్ల్యూ65సీ02ఎస్‌లో క్లాక్‌ను (ప్రాసెసర్‌ను అడుగడుగునా ముందుకు నడిపే సంకేతాన్ని) ఎంత నెమ్మదిగా నడిపినా, పూర్తిగా ఆపినా, రిజిస్టర్లలోని, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గదుల్లోని, విలువలు చెరిగిపోవు. పాత 6502కు ఈ వెసులుబాటు లేదు. అందువల్ల మెమరీ చిప్పులు అమర్చకముందే, సెకనుకు ఒక్క క్లాక్ చొప్పున దీన్ని నడిపించి, అది ఏం చేస్తున్నదో కంటితో చూడవచ్చు.

నలభై పిన్నుల చిప్పును బ్రెడ్‌బోర్డుపై (టంకం లేకుండా భాగాలను గుచ్చి కలిపే పలకపై) పెట్టి, 8వ పిన్నుకు 5 వోల్టులు, 21కి గ్రౌండ్ ఇచ్చి, ఆ రెంటి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. పాత 6502 పటాలను చూసి కట్టేవారు ఎక్కువగా పొరబడేది 1వ పిన్ను దగ్గరే: అక్కడ అది గ్రౌండ్, ఇక్కడ అది ఔట్‌పుట్ కనుక దేనికీ కలపకుండా వదిలేయాలి. 2, 4, 6, 36, 38, 40 పిన్నులను ఒక్కొక్క 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు కలపాలి. 2వ పిన్నును ప్రాసెసరే కొన్నిసార్లు కిందికి లాగుతుంది కాబట్టి అక్కడ నేరుగా తీగ వేయరాదు. రీసెట్ అయిన 40వ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య ఒక బటన్ ఉండాలి.

క్లాక్ కోసం 74హెచ్‌సీ14 అనే ఇన్వర్టర్ గేట్ల చిప్పులోని ఒక గేటు ఔట్‌పుట్‌నుంచి దాని ఇన్‌పుట్‌కు 100 కిలో ఓమ్‌లు, ఇన్‌పుట్‌నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్‌లు కలిపితే సుమారు సెకనుకు ఒక క్లాక్ వస్తుంది. దాన్ని మరో గేటు గుండా పంపి 37వ పిన్నుకు ఇవ్వాలి. మిగిలిన గేట్ల ఇన్‌పుట్‌లను గ్రౌండ్ చేయాలి.

ఇక డేటా లైన్లు. ఏ పనీ చేయని నాప్ ఆదేశం సంకేతం పదహారు ఆధార సంఖ్యల్లో ఈఏ, అంటే రెండు ఆధార సంఖ్యల్లో 11101010. డీ7, డీ6, డీ5, డీ3, డీ1లను 5 వోల్టులకు, డీ4, డీ2, డీ0లను గ్రౌండ్‌కు ఒక్కొక్క 1 కిలో ఓమ్ ద్వారా కలిపితే ప్రాసెసర్ ఎక్కడ చదివినా నాపే కనిపిస్తుంది. 9 నుంచి 16 వరకు ఉన్న అడ్రస్ పిన్నులకు 2.2 కిలో ఓమ్‌లతో ఎల్‌ఈడీలు పెట్టాలి.

రీసెట్‌ను మూడు సెకన్లయినా నొక్కి పట్టాలి. ఇంత నెమ్మది క్లాక్‌కు అరక్షణం నొక్కు చాలదు. వదిలిన ఏడు క్లాక్‌ల తరువాత ఎల్‌ఈడీలు 11101010తో మొదలై, రెండు క్లాక్‌లకు ఒకటి చొప్పున పైకి లెక్కపెడతాయి. ప్రారంభ చిరునామానూ అదే తీగలనుంచి చదవడమే అందుకు కారణం. ఎల్‌ఈడీలు అడ్డదిడ్డంగా వెలిగితే ముందుగా డేటా రెసిస్టర్ల వరుసను సరిచూడాలి. 26వ పిన్ను డీ7, 33వది డీ0.

విద్యుత్తు తీసేసి డీ5ను గ్రౌండ్‌కు, డీ0ను 5 వోల్టులకు మారిస్తే సంకేతం సీబీ, అనగా ఇంటరప్ట్ (అంతరాయ సంకేతం) వచ్చేదాకా ప్రాసెసర్‌ను ఆపి ఉంచే వై (WAI) ఆదేశం అవుతుంది. మళ్లీ రీసెట్ చేస్తే ఈసారి ఎల్‌ఈడీలు కదలకుండా నిలిచిపోతాయి, 2వ పిన్ను దాదాపు సున్నా వోల్టులు చూపుతుంది. ఇంటరప్ట్ ఇన్‌పుట్ అయిన 4వ పిన్నును ఒకటి రెండు క్లాక్‌ల సేపు గ్రౌండ్‌కు తాకిస్తే ప్రాసెసర్ మేల్కొని, చిరునామాను ముందుకు జరిపి, మళ్లీ ఆగుతుంది.