స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళని ఇంట్లో ఎలా చూసుకోవాలి

మా అన్నయ్యకి స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించడం, ఊరికే అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు. తొమ్మిదేళ్ళుగా అమ్మా నేనూ ఇంట్లోనే చూసుకుంటున్నాం. ఇంట్లో చూసుకోవడం అంటే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడం మానేయడం కాదు, అది ముందే చెప్తున్నా.

అసలు కష్టమంతా మందుల దగ్గరే. కాస్త నెమ్మదించగానే "బాగైపోయాడుగా" అని చాలామంది ఆపేస్తారు, మేమూ ఆపాం, రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకోసారి దుప్పట్లు ఉతుకుదామని తీస్తే దిండు గలీబులో పదకొండు మాత్రలు దొరికాయి. అమ్మ ఏడ్చింది, నేను అరిచాను, రెండూ పనికిరాలేదు. మర్నాడు మెల్లగా అడిగితే "అవి వేసుకుంటే కాళ్ళు ఒక్కచోట నిలవట్లేదురా, కూర్చోలేకపోతున్నా" అన్నాడు. అది మందు వల్లే వచ్చిందట, డాక్టరుకి చెప్తే డోసు మార్చారు, తగ్గింది. అందుకే ఎందుకు వేసుకోవట్లేదో ముందు అడగండి. తెలియకుండా అన్నంలో కలిపి మాత్రం పెట్టకండి. తిండిలో ఏదో కలుపుతున్నారని అసలే అనుమానపడే మనిషికి అది నిజం చేసి చూపించినట్టే. రోజూ మాత్ర కుదరకపోతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి, అడగండి. కొన్ని మందులకి బరువు, షుగర్ పెరుగుతాయి, చూపించుకుంటూ ఉండాలి. క్లోజపిన్ అనే మందు వాడితే రక్త పరీక్షలు తప్పవు.

గొంతులు వినిపిస్తున్నాయంటే "అంతా నీ భ్రమ" అని వాదించొద్దు, అలాగని అవునవును అని తలూపొద్దు. నేనైతే "నాకు వినపడట్లేదు అన్నయ్యా, కానీ నీకు భయంగా ఉన్నట్టుంది, ఇక్కడే కూర్చుంటా" అంటాను. గొంతులు ఆగవు గానీ కాసేపటికి చెయ్యి వణకడం తగ్గుతుంది.

జబ్బు తిరగబెట్టేముందు మావాడికి నిద్ర పట్టదు, తర్వాత కిటికీలకి పేపర్లు అంటిస్తాడు. మీవాళ్ళ గుర్తులేంటో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోతే అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా ఫోన్ చేయండి. చచ్చిపోతానన్నా, ఎవరినైనా కొట్టబోయినా, అన్నం నీళ్ళు మానేసినా ఆసుపత్రికే తీసుకెళ్ళాలి, 108కి చేయండి. ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డలో, ఇటు విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. గాలి సోకిందని కట్టేసి కొట్టించేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, మానసిక రోగిని గొలుసులతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం.

రోజుకో చిన్న పని ఉండాలి. పొద్దున్నే పాల ప్యాకెట్లు అన్నయ్యే తెస్తాడు, ఒక్కోసారి ఆలస్యమవుతుంది, ఏమీ అనం. చూసుకునేవాళ్ళకీ విరామం కావాలి, శనివారం సాయంత్రం అమ్మ గుడికెళ్తుంది, ఆ పూట ఇంట్లో నేనుంటాను.