మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు

మిర్యాలగూడలో రైసుమిల్లు లెక్కలు రాసే ఉద్యోగం నాది. వరికోతల కాలంలో రాత్రి భోజనం పదింటికి ముందు కుదిరేది కాదు. తిని నడుం వాల్చగానే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. ఛాతీలో మంట సరేసరి. సోడా, జీలకర్ర నీళ్లు ఇచ్చే ఉపశమనం ఆ పూటకే.

నల్లగొండలో డాక్టరు ఎండోస్కోపీ చేయించి, అన్నవాహిక చివర ఉండే కండరపు కవాటం వదులైందన్నారు. కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర పరగడుపున, టిఫినుకు అరగంట ముందు వేసుకోమన్నారు. మంట పుట్టాక మింగితే అప్పటికప్పుడు తగ్గించే మందు కాదది.

అసలు తేడా మంచం దగ్గర వచ్చింది. దిండ్లు ఎత్తు పెట్టుకుంటే నడుము దగ్గర ఒళ్లు వంగి పొట్ట నొక్కుకుపోతుంది. అందుకని మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పేర్చాను, సుమారు 6 అంగుళాల ఎత్తు. జారకుండా మధ్యలో గోనెసంచి ముక్కలు. కాళ్లవైపు జారిపోతున్నామని మా ఆవిడ మొదట్లో సణిగింది, తర్వాత అలవాటు పడింది. ఎడమవైపు తిరిగి పడుకోవడమూ మేలే.

ఇప్పుడు ఏడింటికే మిల్లులో డబ్బా విప్పుతున్నాను: జొన్నరొట్టె, సొరకాయ కూర. పడుకునేసరికి మూడు గంటలు గడుస్తాయి. పచ్చిపులుసు రాత్రి మానేశాను. మధ్యాహ్నం మాత్రం వదల్లేదు, నాకు పడుతోంది.

మాత్రను డాక్టరే క్రమంగా తగ్గించి ఆపించారు. ఒక్కసారిగా ఆపితే మంట తిరగబెట్టవచ్చు. మింగుడు పడకపోయినా, విరేచనం నల్లగా అవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇటుకల సంగతి తర్వాత, ముందు డాక్టరును కలవండి.