నానో కీమోకి మనవాళ్లని తీసుకెళ్లేటప్పుడు

రొమ్ము క్యాన్సర్ వేరే అవయవాలకి పాకిన మా అక్కకి నాబ్-పాక్లిటాక్సెల్ అనే కీమో మందు రాశారు. మీవాళ్లకీ రాస్తే, ముందు రక్తపరీక్ష రిపోర్టు చేతిలో పెట్టుకోండి. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకి 1,500 కన్నా తక్కువుంటే మందు ఎక్కించరు. గాజువాక నుంచి అగనంపూడి ఆసుపత్రి దాకా ఎండలో వెళ్లి ఊరికే తిరిగి రావడం ఆ ఒంటికి చాలా కష్టం.

ఈ మందు, పాక్లిటాక్సెల్ అనే పాత కీమో మందుని అల్బుమిన్ ప్రొటీన్‌తో కలిపి, సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేసినది. మామూలు పాక్లిటాక్సెల్‌లోని ద్రావకం ఇందులో ఉండదు. అందుకే అలర్జీ రాకుండా ముందుగా ఇచ్చే స్టెరాయిడ్ సాధారణంగా అక్కర్లేదు, మూడు వారాలకోసారి ఇచ్చే పద్ధతిలో అరగంటలో ఎక్కేస్తుంది. రెండూ ఒకటే అనుకోకండి, డోసులు వేరు. సీసా మీద పేరు చదవండి, మొహమాటం వద్దు. మందు పొడిలో కలిపే సెలైన్‌ని సీసా గోడ వెంట నెమ్మదిగా వదులుతారు, లేకపోతే నురగ వస్తుంది. కలిపాక పాలలా తెల్లగా ఉంటుంది, టెన్షన్ పడకండి.

తర్వాత వేళ్లని గమనించండి. అక్కకి జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం రాలేదు. తిమ్మిరి నరాల మీద మందు ప్రభావం. వెంటనే చెబితే డాక్టరు డోసు తగ్గించొచ్చు, కొన్నాళ్లు ఆపొచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్రం పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరండి.