ట్యాబ్ చూసే వాయిస్తున్నా పాటలా రావట్లేదా?

బేస్ గిటార్ మీద రాక్ పాటలు నేర్చుకునేవాళ్లకు ట్యాబ్, అంటే తీగలను గీతలుగా, మెడ మీద నొక్కాల్సిన గడులను (ఫ్రెట్లను) అంకెలుగా చూపే రాత, ఎంతో మేలు చేస్తుంది. స్వరలిపి చదవడం రాకపోయినా ఒక రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) త్వరగా చేతికొస్తుంది. అయితే ట్యాబ్ చెప్పేది ముఖ్యంగా ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నదే. ఎప్పుడు మీటాలి, ఎంతసేపు మోగనివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నవి చెవి పట్టుకోవాల్సిందే. చాలా చిక్కులు అక్కడే మొదలవుతాయి.

అంకెలు సరిగ్గానే నొక్కుతున్నా వేరే పాటలా ఉంది

గీతలు తలకిందులుగా చదువుతున్నారేమో చూడండి. ట్యాబ్‌లో అన్నిటికన్నా కింది గీత లావు తీగ, అంటే ఈ. పై గీత సన్న తీగ, జీ. గిటార్ ఒళ్లో పెట్టుకుని చూస్తే లావు తీగే పైన కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు తికమకపడటం సహజం. బరువుగా ఉండాల్సిన రిఫ్ పీలగా వినిపిస్తే కారణం దాదాపు ఇదే.

ఒంటరిగా బాగుంది, రికార్డుతో కలిపితే అపస్వరం

మీ ట్యూనర్ తప్పు చెప్పట్లేదు, బ్యాండే వేరే ట్యూనింగ్‌లో ఉండొచ్చు. గన్స్ ఎన్ రోజెస్ లాంటి బ్యాండ్లు తీగలన్నీ అరస్వరం (ఒక ఫ్రెట్ అంత) తగ్గించి వాయించాయి. అనుమానం తీరాలంటే ఖాళీ తీగలు (ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటేవి, ట్యాబ్‌లో సున్నా) లేని ఒక భాగాన్ని ఒక ఫ్రెట్ వెనక్కి జరిపి రికార్డుతో వాయించండి. అతికినట్టు కుదిరితే నాలుగు తీగలనూ అరస్వరం దించేయండి. సున్నా ఉన్నచోట వెనక్కి జరగడానికి ఫ్రెట్ ఉండదు కాబట్టి ట్యూనింగ్ మార్చక తప్పదు. లావు ఈ తీగ ఒక్కటే తేడాగా ఉంటే అది డ్రాప్ డీ (ఆ తీగను డీకి దించే ట్యూనింగ్) కావచ్చు. దాన్ని పూర్తి స్వరం దించి చూడండి. కొన్ని పాత టేప్ రికార్డింగులు వేగం మారినందువల్ల రెండు స్వరాల మధ్యలో పడతాయి. అప్పుడు ట్యూనర్ పక్కన పెట్టి, రికార్డు వింటూ చెవితోనే సర్దుకోవాలి.

స్వరాలన్నీ సరైనవే, ఊపు మాత్రం లేదు

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. ఈ చిన్న వరస చూడండి:

జీ|----------------|
డీ|----------------|
ఏ|------------2-3-|
ఈ|3-3-3-3-3-3-----|

ఎనిమిది అంకెలు సమాన దూరంలో ఉన్నాయి. "ఒకటి-అండ్-రెండు-అండ్" అని లెక్కపెడుతూ సమంగా మీటితే ఒక రకం పాట. రెండో 3ను కాస్త ముందే మీటి, ఐదోదాన్ని మీటిన వెంటనే ఆపేసి ఖాళీ వదిలితే పూర్తిగా వేరే పాట. అంకెలు మారలేదు. రాసినవాళ్లు అంకెల మధ్య వదిలిన దూరాన్ని కాలంగా నమ్మడానికి లేదు.

అందుకే గిటార్ పట్టుకునే ముందు పాట వింటూ కిక్ డ్రమ్‌కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కాలు తట్టండి. తర్వాత బేస్ వరసను నోటితో పాడండి. పాడలేని వరసను వేళ్లు వాయించలేవు. ఆ తర్వాతే ట్యాబ్ తెరవండి. యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గిస్తే స్వరం మారదు, వేళ్లకు తీరిక దొరుకుతుంది. బార్‌కు (తాళంలో ఒక ఆవృత్తానికి) ఎన్ని బీట్లో (దెబ్బలో) కూడా ముందే లెక్కపెట్టుకోండి. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'మనీ' రిఫ్ ఏడు బీట్ల లెక్కలో నడుస్తుంది. దాన్ని నాలుగుతో లెక్కపెడితే రెండో బార్ నుంచే దారి తప్పుతారు.

పాటలో బేస్ వినిపించనే వినిపించదు

ఫోన్ స్పీకర్ వల్ల. ఖాళీగా మీటిన లావు ఈ తీగ దాదాపు 41 హెర్ట్జ్‌లో మోగుతుంది, అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

గరగర, వద్దన్నా మోగే తీగలు

గరగర వస్తే వేలు ఫ్రెట్ కడ్డీకి దూరంగా పడుతోందేమో చూడండి. కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా, హెడ్ వైపు నొక్కితే తక్కువ బలంతోనే స్వరం శుభ్రంగా పలుకుతుంది. అన్ని ఫ్రెట్లలోనూ గరగరే అయితే గిటార్ మెడ, తీగల ఎత్తు సెట్ చేయించాలి.

వద్దన్న తీగ మోగుతుంటే ట్యాబ్‌లో రాయని పని ఒకటి మిగిలింది: మ్యూటింగ్, అంటే తీగలను తాకి మోగకుండా ఆపడం. మీటే చేతి బొటనవేలు లావు ఈ తీగ మీద ఆనించి ఉంచండి. సన్న తీగల మీదికి వెళ్లేకొద్దీ దాన్ని కూడా కిందికి జరపండి. ఎడమ చేతి ఖాళీ వేళ్లు మిగతా తీగల్ని తేలిగ్గా తాకుతూ ఉండాలి. డిస్టార్షన్ (స్వరాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టి వాయించే పాటల్లో ఈ అలవాటు లేకపోతే అంతా రొద అయిపోతుంది.

చెయ్యి చాలట్లేదు, మణికట్టు నొప్పి

ఒకే స్వరం బేస్ మీద చాలాచోట్ల దొరుకుతుంది. ఖాళీ డీ తీగ, ఏ తీగ ఐదో ఫ్రెట్, ఈ తీగ పదో ఫ్రెట్ మూడూ ఒకే డీ. ట్యాబ్ మిమ్మల్ని మొదటి ఫ్రెట్ నుంచి ఐదుకీ, మళ్లీ వెనక్కీ పరుగెత్తిస్తుంటే ఆ వరసను పక్క తీగకు మార్చి ఒకే చోట కుదిరేలా రాసుకోండి. లావు తీగ మీద పైకి వెళ్లేకొద్దీ స్వరం గుండ్రంగా, కాస్త మసకగా వస్తుంది. రికార్డులో స్వరం ఎలా ఉందో విని ఎంచుకోండి. నొప్పి వస్తే మాత్రం పట్టుదలకు పోకుండా ఆపేయండి.

అన్నీ చేసినా ఒక్క బార్ కుదరట్లేదు

అప్పుడు ట్యాబే తప్పు కావచ్చు. నెట్‌లో దొరికేవాటిలో ఎక్కువ అభిమానులు చెవితో విని రాసినవే. ఆ బార్‌లో గిటార్ ఏ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకుందో కనుక్కుని, దాని మూలస్వరాన్ని (కార్డ్ పేరులోని స్వరాన్ని) బార్ మొదట్లో వాయించి చూడండి. కుదిరితే ట్యాబ్‌లోని అంకె కొట్టేసి మీది రాసుకోండి.