ఫహీటా మసాలా ప్యాకెట్ కొనడం మానేశాను

టెక్సస్‌లో ఉండే మా ఇళ్లలో వారానికోసారైనా ఫహీటాలు చేస్తాం. మసాలా పట్టించి వేయించిన చికెన్, కూరగాయలను టోర్టియా అనే పల్చటి రొట్టెలో చుట్టుకుని తినడమే ఫహీటా. సరిగ్గా ఆ రోజే మసాలా ప్యాకెట్ ఉండదు. ఉన్నా ఉప్పు ఎక్కువ. ఇప్పుడు ఇంట్లోనే ఇలా కలుపుకుంటున్నాను.

చిన్న చెంచాతో పాప్రికా (ఘాటు తక్కువుండే ఎర్ర మిరప పొడి) 4, వేయించి దంచిన జీలకర్ర పొడి 2, ఉప్పు 2, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, చేత్తో నలిపిన ఒరేగానో (వాసనకు వేసే ఎండు ఆకు), మన కారం ఒక్కొక్కటి. అన్నీ తడిలేని సీసాలో వేసి ఊపితే చాలు. ఇక్కడి షాపుల్లో చిల్లీ పౌడర్ అని అమ్మేదాంట్లో మిరపతో పాటు జీలకర్ర, వెల్లుల్లి, ఒరేగానో కూడా ఉంటాయి. ఇంగ్లిష్ రెసిపీలో అది 4 చెంచాలని ఉంటే, గుంటూరు కారం అంతే వేయకండి, పిల్లలు నోట పెట్టలేరు.

ఈ పొడి రెండుసార్లకు వస్తుంది, ఒక్కోసారికి 6 చిన్న చెంచాలు. అర కిలో చికెన్‌ని సన్నగా, పొడుగ్గా కోసి, 4 చెంచాల పొడి, 2 పెద్ద చెంచాల నూనె, ఒక నిమ్మకాయ రసం పట్టించి అరగంట ఉంచాలి. మిగతా 2 చెంచాలు క్యాప్సికమ్, ఉల్లిపాయ ముక్కలకు. ముందు చికెన్ పూర్తిగా ఉడికేదాకా వేయించి తీసి, అదే పెనంలో కూరగాయలు వేయండి. వేడి టోర్టియాలో చుట్టుకుని తింటే ఎంత బాగుంటుందో!

పెనం మాత్రం బాగా కాలాలి. అన్నీ ఒకేసారి కుక్కితే నీళ్లు ఊరి, ముక్కలు వేగకుండా కూరలా ఉడుకుతాయి. చిన్న పెనమైతే రెండు వాయిలుగా వేయించండి.