చీలమండ ఆపరేషన్‌కి ముందు ఇవి చూసుకోండి

ఇక్కడ తిరుపతిలో ఎముకల, కీళ్ల ఆపరేషన్లు చేసే బర్డ్ ఆసుపత్రి ఉంది కదా, కాలి ఆపరేషన్ అంటే చుట్టాలంతా ముందు నాకే ఫోన్ చేస్తారు, అందుకే మా అమ్మ ఆపరేషన్‌కి రాసుకున్నవే పెడతా ఉండా.

- ఏం చేస్తారో ముందే అడగండి. ఫ్యూజన్ అంటే అరిగిన కీలుని స్క్రూలేసి కలిపేస్తారు, నొప్పి తగ్గుతుంది కానీ ఆ కీలు ఇంక వంగదు, ఇది తెలీకుండా ఒప్పుకుని తర్వాత ఏడ్చేవాళ్లని చూశా.
- షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) చేయించండి, 8 శాతం దాటితే చాలామంది డాక్టర్లు తగ్గించుకుని రమ్మంటారు, ఎందుకంటే పాదంలో పుండు మానదు, చీము పడుతుంది.
- బీడీ సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి, నికోటిన్‌కి రక్తనాళాలు ముడుచుకుపోయి ఎముక సరిగ్గా అతుక్కోదు. "ఒక్కటే కదా" అనే మామయ్యలకి కూడా ఇదే మాట.
- రక్తం పలచబడే మాత్రలు వాడతా ఉంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.
- మడమ పగుళ్లు, వేళ్ల సందుల్లో పుండ్లు ముందే మాన్పించుకోండి.
- మెట్టెలు, పట్టీలు ఇంట్లోనే తీసేయండి, కాలు వాచినాక మెట్టె రాక మా అమ్మకి కత్తిరించాల్సొచ్చింది.
- ఫ్యూజన్ అయితే దాదాపు 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఆ కాలు నేలకి ఆనించకూడదు, కాబట్టి వాకర్‌తో నడవడం ముందే నేర్చుకోండి, కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టుకోండి.
- అలిపిరి 3550 మెట్ల మొక్కు ఉంటే డాక్టర్‌ని అడిగాకే, స్వామి ఎక్కడికీ పోడు.