కెనడాలో ఇండెక్స్ ఫండ్: ముందు కోత ఎంతో చూడండి

మా నాన్న దామలచెరువు మండీలో తోతాపురి మామిడి అమ్మి ఇంటికి వచ్చాక చీటీని కింది నుంచి పైకి చదివేవారు. ముందు కమీషన్, తర్వాత హమాలీ, చివరికి టన్ను ధర. ధర మన చేతిలో లేదు, కోత ఎంతో మాత్రం ముందే అడిగి తెలుసుకోవచ్చు అనేవారు. ఎడ్మంటన్‌లో స్థిరపడిన నాకు ఆ మాట డబ్బు విషయంలో గుర్తుకు రావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఒక బ్యాంకు అంటగట్టిన ఫండ్‌కు ఏటా రెండు శాతం పైనే సమర్పించుకున్నాను. ఇప్పటికీ తలచుకుంటే బాధ కలుగుతుంది.

మొన్న తిరుపతి వచ్చినప్పుడు, విన్నిపెగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు వరండాలో నా పక్కన కూర్చుని ఫోను చేతికిచ్చాడు. "పిన్నీ, ఈ ఫండ్ మంచిదేనా?" పైకి ఎగబాకుతున్న గీత చూపిస్తున్నాడు. "గీత తర్వాత చూద్దాం నాయనా, ఫండ్ ఫ్యాక్ట్స్ పత్రం తెరువు" అన్నాను. కెనడాలో అమ్మే ప్రతి మ్యూచువల్ ఫండ్‌కూ ఈ పత్రం ఉంటుంది. అందులో ఖర్చుల భాగానికి వెళ్లండి. ఫండ్ ఏటా మన సొమ్ములోంచి కోసుకునే ఖర్చు, అంటే ఎంఈఆర్ అనే శాతం, దాంతోపాటు వెయ్యి డాలర్లకు ఏటా ఎన్ని డాలర్లు పోతాయో రాసి ఉంటుంది. మావాడి పత్రంలో వెయ్యికి 21 డాలర్లు. ఆ కిందే ట్రైలింగ్ కమీషన్. ఫండ్ మన దగ్గర ఉన్నంతకాలం, లాభమొచ్చినా నష్టమొచ్చినా, అమ్మిన సంస్థకు ఏటా ముట్టే సొమ్ము అది.

అమ్మ పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే లెక్క వేశాం. పదివేల డాలర్లు, ఖర్చులు తీయకముందు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుందాం. ఖర్చు 0.20 శాతమైతే 25 ఏళ్లకు సుమారు 40,900 డాలర్లు. 2.1 శాతమైతే సుమారు 26,000. తేడా దాదాపు 14,900, అంటే పెట్టిన అసలు కంటే ఎక్కువ! వాడు పెన్ను తీసుకుని మళ్లీ మొదటి నుంచి తానే వేసుకున్నాడు.

మరి ఏది కొనాలి? సెన్సెక్స్ లాంటి ఒక సూచీలోని కంపెనీలన్నిటినీ వాటి వాటా ప్రకారం కొని ఊరుకునేదే ఇండెక్స్ ఫండ్. అందుకే ఖర్చు తక్కువ. ఎక్స్‌ఐసీ అనే ఫండ్ ఒక్క కెనడా మార్కెట్‌ను కొంటుంది, ఖర్చు 0.06 శాతం. కానీ ప్రపంచ మార్కెట్లో కెనడా వాటా మూడు శాతం దరిదాపుల్లోనే ఉంటుంది, అదీ బ్యాంకులు, ఇంధన కంపెనీల మీదే ఎక్కువగా ఆధారపడింది. అందుకని నేను ఎక్స్‌ఈక్యూటీ, వీఈక్యూటీ లాంటి, స్టాక్ మార్కెట్లో షేరులా కొనే ఫండ్లయిన ఈటీఎఫ్‌లనే చూడమంటాను. ఒక్కటి కొంటే కెనడా, అమెరికా, యూరప్, ఆసియా అన్నీ అందులోనే వస్తాయి. రెండూ పూర్తిగా షేర్లే. మార్కెట్ పడితే నిద్ర పట్టని వారికి 60 శాతం షేర్లు, 40 శాతం బాండ్లు ఉండే వీబీఏఎల్ నయం. రెండు మూడేళ్లలో పెళ్లికో ఇంటికో కావలసిన డబ్బును మాత్రం వీటి జోలికి తీసుకుపోకండి.

ఏ ఖాతాలో కొంటామన్నదీ అంతే ముఖ్యం. టీఎఫ్ఎస్ఏ అనే పొదుపు ఖాతాలో పెరిగిన దానికి కెనడాలో పన్ను లేదు. మనవాళ్లు ఇక్కడే పొరపడుతుంటారు. పథకం 2009లో మొదలైంది కాబట్టి అప్పటి నుంచీ ఏటా వేసుకోగల పరిమితి అంతా తమదే అనుకుంటారు. కాదు. మీరు కెనడా నివాసి అయిన ఏడాది నుంచే లెక్క. మావాడు 2023 ఆగస్టులో వెళ్లాడు. ఆ ఏడాది మొత్తానికి 6,500, తర్వాత 2024కూ 2025కూ ఏడేసి వేలు, 2025 వరకు కలిపి 20,500 డాలర్లు. అంతకు మించి వేస్తే మించిన సొమ్ము మీద నెలకు ఒక శాతం పన్ను పడుతుంది. జీతం బాగా ఉన్నవారికి రిటైర్మెంట్ పొదుపు ఖాతా ఆర్ఆర్ఎస్‌పీ, అక్కడ మొదటి ఇల్లు కొనాలనుకునేవారికి ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ కూడా ఉన్నాయి.

ఎప్పటికైనా ఊరికి తిరిగి వచ్చేద్దామనుకుంటున్నారా? అయితే ఇది గట్టిగా గుర్తుంచుకోండి. భారత్‌లో పూర్తి నివాసిగా మారాక మన దేశపు పన్ను శాఖ టీఎఫ్ఎస్ఏకు మినహాయింపు ఇవ్వదు. కెనడా విడిచాక అందులో కొత్తగా డబ్బు వేయకూడదు కూడా.

ఇప్పటికే ఖరీదైన ఫండ్‌లో ఉన్నవారు డబ్బు బయటికి తీసి మరోచోట వేయకండి. టీఎఫ్ఎస్ఏ నుంచి తీసిన మొత్తానికి సరిపడా పరిమితి మళ్లీ వచ్చే జనవరి ఒకటినే తిరిగి వస్తుంది. కొత్త బ్రోకరేజీలో, అంటే షేర్లూ ఫండ్లూ కొనిపెట్టే సంస్థలో, ఖాతా తెరిచి, బదిలీ ఫారం వారికే ఇవ్వండి. పాత సంస్థ బదిలీ రుసుము తీసుకుంటే, దాన్ని భరిస్తారా అని కొత్తవారిని ముందే అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. మావాడు ఆ రాత్రి భోజనం కాకముందే ఫారం నింపి పంపాడు.